చేత్తో వేశాం

తన ఉత్తరం తనకి రాలేదని అడగడానికి ఒక ముసలి దర్జీ సోమవారం పొద్దున్నే ఉత్తరాల కంపెనీ గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఉన్నది మాత్రం ఆసుపత్రి నుంచి పక్కింటివాళ్ళకి వచ్చిన కవరు. దాని వెనక చీమ తలకాయంత అక్షరాలతో ఈ కంపెనీ చిరునామా ఉంది. అది పట్టుకుని మూడు బస్సులు మారి వచ్చాడు. కాపలావాడు లోపలికి పంపనన్నాడు. ముసలాయన వాదించలేదు. కాపలావాడి చొక్కా రెండో గుండీ దారం మీద వేలాడుతోంది. "ఇది సాయంత్రానికి రాలిపోతుంది బాబూ" అని జేబులోంచి సూదీ దారం తీసి, నిలబడ్డ మనిషికి నిలబడ్డట్టే కుట్టేశాడు. గుండీ కుట్టినవాణ్ణి ఏ కాపలావాడు ఆపగలడు?

కిటికీ పక్కన మిషను దగ్గర నిలబడి పెద్దకోడలు ఇదంతా చూసి నవ్వుకుంది. ఆ వారానికి ఆమె నవ్విన నవ్వు అదే.

పెద్దకోడలంటే ఆ ఇంటికో ఈ ఇంటికో కాదు, మిషనుకి. ఉత్తరాలు కవర్లలో పెట్టే ఆ మిషను బస్సంత పొడుగు. ఈ చివర అచ్చయిన కాగితాలు పెడితే మడిచి, దొంతరలు కట్టి, కవర్లో తోసి, అంటించి ఆ చివర పడేస్తుంది. ప్రతి కాగితం మూలా మినపగింజంత నల్ల మచ్చ ఉంటుంది. మిషను కన్ను ఆ మచ్చ చదివి, పై అంతస్తు నుంచి వచ్చిన ఫైల్లో వెతుక్కుంటుంది. ఇది ఎవరి ఉత్తరం, ఎన్ని కాగితాలు, జతగా ఏ కరపత్రం వెళ్ళాలి, అంతా అందులోనే రాసుంటుంది. ఫైల్లో మూడు కాగితాలని ఉంటే మూడే. రెండయినా నాలుగయినా ఎర్రదీపం వెలిగించుకుని అలిగి కూచుంటుంది. అన్నీ లెక్కపెడుతుంది, ఏదీ మర్చిపోదు, ఊరికే అలుగుతుంది. అందుకని పనివాళ్ళు దానికి అత్తగారని పేరు పెట్టారు. ఆ అత్తగారితో ఓపిగ్గా వేగే మనిషి కాబట్టి పంతొమ్మిదో నంబరు ఆపరేటరు పెద్దకోడలయింది. కాగితం చిరగబోయే ముందు మిషను గొంతు సవరించుకుంటుందని ఆమె అనేది. ఒకసారి టీ గదిలో కప్పు నోటి దగ్గర పెట్టుకుని ఉండగా ఆ చప్పుడు విని, నలభై అడుగులు పరిగెత్తి, కాగితం చిరిగేలోపు మిషను ఆపేసిందట. కప్పులో టీ చుక్క ఒలకలేదట. చూసినవాళ్ళు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు, వెళ్ళి అడగొచ్చు.

దర్జీ తిన్నగా సూపర్‌వైజరు బల్ల దగ్గరికి వెళ్ళాడు. సూపర్‌వైజరు పేరు ఎవరికీ గుర్తులేదు, తొందరయ్య అంటేనే పలుకుతాడు. ఆయన నడిచే వేగానికి ఆయన నీడ వెనకబడిపోయి, తర్వాత ఒంటరిగా వచ్చి కలుస్తుందని అంటారు. నాలుగింటికి ఉత్తరాల లారీ కదలాలి. ఆ నాలుగు తప్ప గడియారంలో ఇంకో అంకె ఉందని ఆయనకి తెలియదు.

"అయ్యా, మా ఆవిడకి తుంటి ఆపరేషను" అన్నాడు దర్జీ. "తారీఖు వేసి ఉత్తరం పంపామంటున్నారు ఆసుపత్రివాళ్ళు. మాకు రాలేదు. రాలేదు కాబట్టి వెళ్ళలేదు. వెళ్ళలేదు కాబట్టి వరసలో చివరికి నెట్టేశారు. మళ్ళీ పధ్నాలుగు నెలలంట. ఇప్పటికే కుర్చీని తోసుకుంటూ నడుస్తోందయ్యా, కుర్చీ కాళ్ళు కూడా అరిగిపోయాయి."

"ఉత్తరం నంబరుందా?"

"ఆసుపత్రి గుమాస్తా రాసిచ్చింది. నాలుగువేల నూట పద్దెనిమిది."

తొందరయ్య టకటకా కొట్టాడు. స్క్రీను దర్జీ వైపు తిప్పాడు. "చూసుకో పెద్దాయనా. నాలుగువేల నూట పద్దెనిమిది, పూర్తి. చేత్తో వేశాం. పన్నెండూ నలభైకి. వేసింది పంతొమ్మిది. ఫైలు అబద్ధం చెప్పదు. మా దగ్గర్నించి వెళ్ళిపోయింది, పోస్టువాళ్ళని అడుక్కో."

"పంతొమ్మిదంటే ఎవరయ్యా?"

"అదిగో ఆవిడే."

దర్జీ పెద్దకోడలి దగ్గరికి వచ్చాడు. కోపంగా రాలేదు. అదే ఆమె ప్రాణం మీదికి వచ్చింది. ముందు ఆమె చేతుల వైపు చూశాడు, కొత్త గుడ్డని చూసినట్టు. కాగితాల అంచులు కోసి కోసి వేళ్ళ నిండా సన్నటి తెల్లగీతలు.

"నీ చేత్తోనే వేశావా తల్లీ? అయితే పోస్టులోనే పోయుంటుంది. నువ్వు వేశానంటే నమ్ముతాను. మనం చేతిపనివాళ్ళం."

 పన్నెండూ నలభై అన్న తొందరయ్య మాట ఆమెకీ వినబడింది. పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా ఆమె ఏనాడూ మిషను దగ్గర ఉండదు. డబ్బా తెరుచుకుని మెట్ల కింద కూచుని ఉంటుంది.

"ఆ గుమాస్తా ఇంకో ముక్క చెప్పింది" అన్నాడు దర్జీ, వెళ్ళబోతూ. "ఉత్తరం పంపలేదని పంపాల్సినవాళ్ళే కాగితం రాసిస్తే మా ఆవిడ పాత స్థానం తిరిగి ఇస్తారట. ఈ శుక్రవారం లోపల. కానీ మీరు పంపారు కదా, ఇంకేం రాసిస్తారు."

"గురువారం రండి తాతా" అంది పెద్దకోడలు.

"ఎందుకమ్మా?"

"రండి, చెప్తాను." ఎందుకో ఆమెకీ తెలియదు. చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

*

చిన్నకోడలంటే మిషను రెండో చివర కవర్లు ఏరే అమ్మాయి. చేరి ఆరు నెలలు. పెద్దకోడలు మధ్యాహ్నం తన డబ్బా తీసుకుని మెట్ల కిందికి వెళ్ళినట్టే వెళ్ళి, అయిదు నిమిషాల్లో వెనక్కి వచ్చింది. అప్పుడే ఎర్రదీపం వెలిగి ఉంది. చిన్నకోడలు మిషను మూత ఎత్తి, రెండుగా చిరిగిన కాగితం బయటికి లాగింది. వెనక తొందరయ్య నిలబడి గడియారం చూస్తున్నాడు. అమ్మాయి కాగితాన్ని ముక్కలు చేసే మిషన్లో పడేసింది. అది కరకరా నమిలింది. స్క్రీను మీద 'చేత్తో వేశాం' నొక్కింది. నంబరు అడిగితే పంతొమ్మిది కొట్టింది. కీబోర్డు కింద అంటించిన టేపు మీద చూసి రహస్య అంకెలు కొట్టింది. ఎర్రదీపం ఆరింది. తొందరయ్య వెళ్ళిపోయాడు.

ఆ బొత్తాం ఎందుకుందో పెద్దకోడలికి తెలిసినంత ఎవరికీ తెలియదు. మిషను ఒక్కోసారి కవరుని నలిపేస్తుంది, లోపలి కాగితాలు మాత్రం బాగుంటాయి. అప్పుడు మనిషి వాటిని చేత్తో మడిచి, కొత్త కవర్లో పెట్టి, ట్రేలో వేసి, 'చేత్తో వేశాం' అని నొక్కాలి. కాగితమే చిరిగితే 'మళ్ళీ ప్రింటు' నొక్కాలి. అప్పుడు పై అంతస్తువాళ్ళు మళ్ళీ అచ్చు తీసి పంపుతారు. దానికి నలభై నిమిషాలు. 'చేత్తో వేశాం' నొక్కే అధికారం ఇద్దరికే ఉంది. ఒకటో నంబరు తొందరయ్యది, పంతొమ్మిది ఆమెది. మూడు నెలల కిందట పన్ను పీకించుకోవడానికి వెళ్తూ, పని ఆగకూడదని ఆ అంకెలు టేపు మీద రాసి అంటించింది కూడా ఆమే. ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చింది.

"ఎన్నాళ్ళనుంచే ఇది?"

చిన్నకోడలు ఉలిక్కిపడి గోడకి అతుక్కుపోయింది. "అక్కా... నువ్వు పంటికి వెళ్ళిన రోజునుంచి. ఆయనే నొక్కమన్నాడు. నీతో చెప్పే ఉంచానన్నాడు."

"ఏమని?"

"పెద్దకోడలికి తెలుసు, ఆవిడ ఏమీ అనుకోదు, అని."

"ఆయన నంబరు ఉంది కదా, అది కొట్టొచ్చుగా?"

"నేనూ అదే అడిగానక్కా. నా నంబరు పెద్దపెద్ద విషయాలకి, అన్నాడు."

పెద్దకోడలు మిషను మూత ఎంత గట్టిగా వేసిందంటే, పై అంతస్తులో టేబుళ్ళ మీద పెన్నులన్నీ ఒకేసారి లేచి పడుకున్నాయి. తర్వాత స్క్రీను ముందు నిలబడి, పంతొమ్మిదో నంబరు 'చేత్తో వేశాం' నొక్కిన లెక్కంతా చూపించమని అత్తగారిని అడిగింది. అత్తగారు ఏదీ దాచుకోదు. మూడు నెలలకి ఆరువందల పన్నెండు.

ప్రింటు తీస్తే కాగితం ఆమె నడుము దాకా వచ్చింది. పని అయ్యాక సంచుల మీద కూచుని పెన్సిలు పట్టుకుంది. పన్నెండున్నరకీ ఒంటిగంటకీ మధ్య ఉన్నవి కొట్టేసింది. మూడున్నరకీ నాలుగింటికీ మధ్య ఉన్నవి కొట్టేసింది, ఆ అరగంటా ఆమె వెనక గుమ్మం దగ్గర లారీకి సంచులందిస్తూ ఉంటుంది. పన్ను రోజువి కొట్టేసింది. మిగిలినవి నలభై ఒకటి. అవి మాత్రమే ఆమె చేతులు మడిచినవి. అయిదువందల డెబ్బై ఒక్క ఉత్తరాలని ఆమె చేత్తో ఆమె లేనప్పుడు నమిలించేశారు.

ఇంట్లో అసలు అత్తగారుంది. మోకాళ్ళకి వేడినీళ్ళ గుడ్డ వేసుకుని కూచుని, కోడలు చెప్పులు విడిచిన చప్పుడుకే విషయం పసిగట్టింది.

"ఎవడు?" అంది.

పెద్దకోడలు అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఉల్లిపాయలు తరిగింది. ముగ్గురికి రెండు పాయలు చాలు. కోపంలో బుట్ట ఖాళీ అయింది.

"అంటే అత్తయ్యా, ఆసుపత్రి పుస్తకంలో నేను దొంగని. ఆ తాత నన్నేమీ అనలేదు. నువ్వు వేశానంటే నమ్ముతానన్నాడు. తిట్టినా బాగుండేది."

"నాకు చెప్పి ఏం లాభమే? పదహారేళ్ళుగా నీతో దెబ్బలాడుతున్నా. నీ తప్పులన్నీ నాకు కంఠతా వచ్చు. అందులో ఇది లేదు. ఆ ముక్క నాకు తెలిస్తే సరిపోదు, వాళ్ళకి తెలియాలి."

"ఉద్యోగం పోతుందేమో."

"పోతే పోనీ. నీకు వేరే ఉద్యోగం దొరుకుతుంది. ఆవిడకి వేరే తుంటి దొరుకుతుందా?" గుడ్డ పిండి మళ్ళీ వేసుకుంటూ అంది, "ఆ ఉల్లిపాయలన్నీ ఎవరు తింటారే, నీ కంపెనీవాళ్ళా?"

*

కంపెనీ నడిపే పెద్దసారు మంగళవారం లేడు. బుధవారం పదకొండింటికి పిలిచాడు. పెద్దసారు గది గోడ మీద అద్దాల చట్రంలో ఒక కాగితం ఉంది. 'మూడు నెలలు, సున్నా చిరుగులు' అని దాని మీద బంగారు అక్షరాలు. పక్కనే ఫొటో. ఆసుపత్రివాళ్ళు తొందరయ్యకి పూలగుత్తి ఇస్తున్నారు. ఫొటోలో కూడా ఆయన ఎక్కడికో వెళ్ళిపోతున్నట్టే ఉన్నాడు.

పెద్దకోడలు కాగితం బల్ల మీద పరిచింది. అటు చివర కిందికి జారి పెద్దసారు ఒళ్ళో పడింది.

"సార్, ఇవి పోయిన ఉత్తరాలు. నా నంబరుతో వేరేవాళ్ళ చేత నొక్కించారు. ఇదిగో టైములు. ఈ రెండు అరగంటల్లో నేను మిషను దగ్గర ఉండనని ఇక్కడ ఎవర్ని అడిగినా చెబుతారు. అందులో ఒక పెద్దాయన భార్యకి ఆపరేషను పోయింది. ఆయనకి శుక్రవారంలోపు ఒక్క కాగితం రాసివ్వండి, ఉత్తరం మా దగ్గరే పోయిందని."

పెద్దసారు మృదువైన మనిషి. మృదువైనవాళ్ళే ప్రమాదం. తిట్టేవాడి చేతిలో కర్ర కనిపిస్తుంది, మెత్తనివాడి చేతిలో పెన్ను కనిపించదు.

"అంటే నీ రహస్య అంకెలు నువ్వే బయటపెట్టావన్నమాట" అన్నాడు.

"పన్ను పీకించుకోడానికి వెళ్ళి..."

"పంటి సంగతి కాదమ్మా. పెట్టావా లేదా?"

"పెట్టాను."

"మరి ఫైలు ఎవరి పేరు చెబుతోంది?"

"నా నంబరు చెబుతోంది సార్. నా పేరు కాదు."

తొందరయ్య కిటికీ దగ్గర నిలబడి కాలు ఆడిస్తున్నాడు. "చేసింది చేసి, పైగా లెక్కలు కట్టుకొచ్చింది సార్. మిషను మీద పని మాని పెన్సిళ్ళు అరగదీస్తోంది."

"ఎవరు నొక్కారో చెప్పు, ఆ మనిషిని తీసేస్తాం" అన్నాడు పెద్దసారు. "లేదంటే ఇక్కడ సంతకం పెట్టు. అజాగ్రత్తగా ఉన్నానని రాసుంది, అంతే. ఉద్యోగం ఉంటుంది. సంచుల గదికి మారుస్తాం."

నొక్కినవాళ్ళ పేరు. అంటే చిన్నకోడలు. నొక్కించినవాడు కిటికీ దగ్గర కాలు ఆడిస్తూనే ఉన్నాడు, ఆ కాలు వైపు ఎవరూ చూడటం లేదు. పెద్దకోడలికి కోపం అరికాళ్ళలో మొదలై మోకాళ్ళు దాటి పీక దాకా వచ్చింది. ఆ నిమిషంలో ఆమెని థర్మామీటరుతో చూసుంటే పాదరసం పైకప్పు చూరుకి తగిలేది.

"నొక్కమన్నవాళ్ళ పేరు చెప్తాను. రాసుకుంటారా?"

పెద్దసారు రాసుకోలేదు.

"అయితే సంతకమూ లేదు" అంది.

"సరే. సంతకం లేకపోయినా పద్ధతి పద్ధతే." పెద్దసారు తొందరయ్య వైపు చూశాడు. ముగ్గురూ మిషను దగ్గరికి నడిచారు. అందరూ చేతిలో పని ఆపి చూస్తున్నారు. తొందరయ్య ఒకటో నంబరు కొట్టి లోపలికి వెళ్ళి, పంతొమ్మిది పక్కన 'రద్దు' అని ఉన్నచోట వేలు పెట్టి నొక్కాడు. ఆ నొక్కడంలో మాత్రం తొందర లేదు, లడ్డూ చప్పరించినట్టు నొక్కాడు. ఒకసారి రద్దయితే తిరిగి ఇచ్చేది మిషను తయారుచేసినవాళ్ళే, వారం పడుతుందని స్క్రీను హెచ్చరించింది. సరే అని నొక్కాడు.

పెద్దకోడలు కీబోర్డు కింద గోరు పెట్టి టేపు పీకి, ఉండ చుట్టి బుట్టలో వేసి, సంచుల గదికి వెళ్ళిపోయింది. చిన్నకోడలు ఏడుపు ఆపుకోవడానికి కవర్లని అవసరం లేకపోయినా మళ్ళీ మళ్ళీ సర్దుతూ ఉంది.

*

గురువారం ఆసుపత్రి పని. పదకొండువేల ఉత్తరాలు. వానాకాలం తేమకి కాగితాలు మెత్తబడ్డాయి. అలాంటి రోజున మిషను దగ్గర పెద్దకోడలు ఉంటే కాగితాల కట్టని ముందు విసనకర్రలా విప్పి గాలి పట్టించి పెడుతుంది. ఆ రోజు పెట్టినవాడికి ఆ సంగతి తెలియదు. పన్నెండు కాకుండానే ఎర్రదీపం.

సంచుల గదికీ మిషను గదికీ మధ్య తలుపు లేదు, చిరిగిన రబ్బరు తెర ఒకటే. పెద్దకోడలు సంచి మూతికి తాడు బిగిస్తూ వింటోంది. మూత ఎత్తిన చప్పుడు. కాగితం లాగిన చప్పుడు.

"నొక్కు, నొక్కు" అన్నాడు తొందరయ్య.

"పంతొమ్మిది చెల్లదంటోంది సార్" అంది చిన్నకోడలు.

 అత్తగారు ఊఁ ఊఁ అని మూలుగుతోంది.

"నీది కొట్టు."

"నాకు అధికారం లేదంటోంది సార్. ఒకటి కొట్టమంటోంది."

పెద్దకోడలు తాడు ముడి వేసింది. ఇంకో సంచి అందుకుంది. తెర చిరుగులోంచి తొందరయ్య వేలు కనబడుతోంది. కీబోర్డు మీద ఒకటో అంకె పైన గాల్లో నిలబడి ఉంది. నొక్కితే సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళే ఫైల్లో, ఫలానా మనిషి ఉత్తరం, ఫలానా గంటకి, ఒకటో నంబరు తన చేత్తో కవర్లో పెట్టింది అని ఉంటుంది. ఆ కాగితం ఇప్పుడు రెండు ముక్కలై చిన్నకోడలి చేతిలో ఉంది. ఆ వేలు గాల్లో ఎంతసేపు ఉందంటే, సాలెపురుగుకి తీరిక ఉంటే ఒక గూడు కట్టేసేది. చివరికి వెనక్కి వెళ్ళింది.

తొందరయ్య రబ్బరు తెర తోసుకుని వచ్చాడు. "ఏమమ్మా పెద్దకోడలా, ఒకసారి రా. అత్తగారు నీ మాటే వింటుంది. ఏదో కిటుకు ఉంటుంది కదా."

"కిటుకేం లేదు. రెండే బొత్తాలు. కాగితం బాగుంటే చేత్తో వేయండి. చిరిగితే మళ్ళీ ప్రింటు."

"ప్రింటంటే నలభై నిమిషాలు! లారీ..."

"లారీకి తుంటి నొప్పి లేదుగా, నిలబడుతుంది."

రెండోది పన్నెండున్నరకి చిరిగింది. మూడోది ఒంటిగంటకి. చిరిగినవి పక్కన పెట్టి మిషను నడపొచ్చు గానీ, వాటి లెక్క తేలందే అది కట్ట ముగియనివ్వదు. 'మళ్ళీ ప్రింటు' నొక్కుదామంటే గోడమీద బంగారు సున్నా కనబడుతోంది. 'చేత్తో వేశాం' నొక్కుదామంటే ఒకటి కనబడుతోంది. తొందరయ్య సున్నాకీ ఒకటికీ మధ్య గానుగెద్దులా తిరిగాడు. మూడింటికి తొమ్మిది ఉత్తరాలు పెండింగు. మూడున్నరకి ఆసుపత్రి నుంచి ఫోను, పని ఎందుకు ముగియలేదని. నాలుగింటికి లారీ హారను. పెద్దసారు కిందికి దిగి వచ్చాడు.

"ఏంటి ఆలస్యం? నువ్వు నొక్కొచ్చు కదా?" అన్నాడు తొందరయ్యతో.

"నొక్కొచ్చు సార్."

"నొక్కు మరి."

తొందరయ్య నొక్కలేదు. జీవితంలో మొదటిసారి ఆయన నీడ ఆయన కంటే ముందు వచ్చి నిలబడింది.

"కాగితాలు చిరిగాయి సార్" అన్నాడు మెల్లగా. "చేత్తో వేశామంటే... ఫైల్లో నా పేరు వెళ్తుంది."

అప్పుడు పెద్దకోడలు సంచుల గదిలోంచి వచ్చింది. చేతిలో తాడు ఇంకా ఉంది. మూడు రోజులుగా దాచుకున్న అరుపు ఒకటి ఉంది ఆమె దగ్గర. అరిస్తే అద్దాలు పగిలేవి. కానీ గొంతు ఎందుకో కిందికి దిగిపోయింది.

"ఒక్కసారి మీ నంబరు నొక్కడానికి మీకింత భయం. నా నంబరు అయిదువందల డెబ్బై ఒక్కసార్లు నొక్కించారు. అప్పుడు భయం వేయలేదా?"

"నేను నొక్కించలేదు..."

"నన్ను నొక్కమన్నది మీరే" అంది చిన్నకోడలు. ఆ అమ్మాయి గొంతు ఆ గదిలో అంత పైకి ఎప్పుడూ రాలేదు. చిరిగిన తొమ్మిది ఉత్తరాలూ గుండెకి అదుముకుని ఉంది. ఒక్కటీ నమిలే మిషన్లో వేయలేదు. "నొక్కిన వేలు నాది సార్. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి. మిగతావాళ్ళనీ అడగండి, వాళ్ళ చేత కూడా నొక్కించారు."

 మిగతావాళ్ళు ఒక్కొక్కరే పని వదిలి వచ్చి ఆ అమ్మాయి పక్కన నిలబడ్డారు.

"ఫైలు అబద్ధం చెప్పదని ఈయనే అన్నారు సార్" అంది పెద్దకోడలు పెద్దసారుతో. "ఇవ్వాళ ఒక్క కట్టకి తొమ్మిది చిరుగులు. ఈ తొమ్మిదీ 'మళ్ళీ ప్రింటు' అని సాయంత్రం ఆసుపత్రికి వెళ్తాయి. అవతల ఫైలు చూసేవాళ్ళు అడుగుతారు, మూడు నెలలు సున్నా ఉన్నది ఒక్క రోజులో తొమ్మిది ఎలా అయిందని. అప్పుడు వెనక్కి తిప్పి చూస్తారు. వాళ్ళు చూశాక చెప్తారా, ముందే చెప్తారా?"

లారీవాడు మళ్ళీ హారను కొట్టాడు. పెద్దసారు చిరిగిన కాగితాలు తీసుకుని ఒక్కొక్కటిగా చూడసాగాడు. మొదటిది ఎవరిదో రక్తపరీక్ష. రెండోది ఎవరో చంటిబిడ్డకి గుండె డాక్టరు దగ్గరికి రమ్మని. మూడోది చూడలేదు.

"మళ్ళీ ప్రింటు నొక్కండి" అన్నాడు. "తొమ్మిదీ."

చిన్నకోడలు తొమ్మిదిసార్లు నొక్కింది. దానికి అధికారం అక్కర్లేదు, ఎవరైనా నొక్కొచ్చు. మూడు నెలలుగా ఎవరైనా నొక్కొచ్చు.

లారీ అయిదింటికి కదిలింది. ఆకాశం విరిగి పడలేదు. డ్రైవరు దిగి, రెండు టీలు తాగి, ఒక కునుకు తీసి వెళ్ళాడు.

గేటు దగ్గర బల్ల మీద దర్జీ మధ్యాహ్నం నుంచీ కూచుని ఉన్నాడు. కాపలావాడి కోటు లోపలి అస్తరు కుడుతున్నాడు. పెద్దకోడలు ఆయన్ని తీసుకుని పెద్దసారు గదికి వెళ్ళింది. తొందరయ్య అక్కడ లేడు. గోడ మీద చట్రం ఉంది.

"కూర్చోండి" అన్నాడు పెద్దసారు దర్జీతో. ఆయన కూర్చోలేదు. పెద్దసారు తెల్లకాగితం తీశాడు, పెన్ను మూత తీశాడు. "ఏమని రాయాలి?"

"జరిగింది రాయండి" అంది పెద్దకోడలు. "నాలుగువేల నూట పద్దెనిమిదో నంబరు ఉత్తరం మా దగ్గర చిరిగింది. మేం పంపలేదు. పంపామని చెప్పాం."

"చివరి వాక్యం అవసరమా?"

"అదే అవసరం సార్."

రాశాడు. సంతకం పెట్టాడు, ముద్ర వేశాడు. దర్జీ ఆ కాగితం అందుకుని రెండుసార్లు చదివాడు. రెండు అంచులూ సరిగ్గా కలిపి, గోటితో మడత నొక్కి, చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి అరచేత్తో ఒకసారి తడిమి చూసుకున్నాడు. పెద్దకోడలి వైపు తిరిగి, "ఆఖరి బస్సు దొరుకుతుందమ్మా" అని మాత్రం అని గబగబా మెట్లు దిగిపోయాడు.

పెద్దసారు ఊపిరి వదిలి పెన్ను మూత అందుకున్నాడు.

పెద్దకోడలు కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది. నడుం పొడుగు కాగితాన్ని మడతలు విప్పి బల్ల మీద పరిచి, మొదటి గీత కింద వేలు పెట్టింది.

"మూత పెట్టకండి సార్. ఇంకా అయిదువందల డెబ్బై ఉన్నాయి."